పేరా ఎక్కడ మొదలవుతుంది?

మీ సామాన్య శాస్త్రం పుస్తకం తెరిచి ఏదో ఒక పాఠం ముందు పెట్టుకోండి. పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో ఉంచి, కళ్లు సగం మూసి చూడండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఒక్క మాట కూడా చదవలేరు. అయినా పాఠం పేరు ఎక్కడుందో, ఉపశీర్షికలు ఎన్నో, పేరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో, చివర ప్రశ్నలు ఎక్కడున్నాయో చెప్పగలరు. అవునా?

ఎలా చెప్పగలిగారు? పాఠం పేరు లావుపాటి అక్షరాలలో ఉంది. పేరా మొదటి వరుస కొంచెం లోపలికి జరిగి ఉంది. ప్రశ్నల ముందు అంకెలున్నాయి. అంటే మీరు చదవలేదు, చూశారు. పాఠం స్వరూపాన్ని కంటితో పట్టుకున్నారు.

ఇప్పుడు అదే పాఠాన్ని చూపు లేని మీ తోటి విద్యార్థి ఒకడు కంప్యూటర్ చేత చదివించుకుని వింటున్నాడని అనుకుందాం. వినేవాడికి పేజీ కనబడదు. చదివే కంప్యూటర్‌కు కూడా కళ్లు లేవు. దానికి తెలిసినవి వరుసగా వచ్చే సంఖ్యలు మాత్రమే. మరి ఇక్కడ శీర్షిక అయిపోయింది, ఇక్కడ పేరా మొదలయింది, ఇవి ప్రశ్నలు అని దానికెవరు చెప్పాలి? ఎలా చెప్పాలి?

ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని దీనికి జవాబు వెతుకుతూ ఎందరో తమ జీవితకాలంలో పెద్ద భాగం గడిపారు. ఆ కథ తెలుసుకుందాం. దాన్ని ఎక్కడో దూరదేశంలో కాక మన పక్క ఊరిలోనే మొదలుపెట్టవచ్చు.

రాతి మీద వరుసలు

కంచికచర్ల నుంచి నందిగామ మీదుగా హైదరాబాదు రోడ్డున వెళితే జగ్గయ్యపేట వస్తుంది. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఆ ఊరి దగ్గర ధనంబోడు అనే మిట్ట మీద ఒక బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ తవ్వించి చూశాడు. ఆ స్తూపానికి చెందిన స్తంభాల మీద శాసనాలు దొరికాయి. అవి ఇక్ష్వాకు రాజయిన వీరపురుషదత్తుని కాలానివి, అంటే క్రీస్తుశకం మూడవ శతాబ్దానివి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ.

ఆ శాసనంలో పేరాలు లేవు. శీర్షికలు లేవు. రాయి వెడల్పు ఎంత ఉంటే వరుస అంత. అయినా అందులో క్రమం ఉంది. మొదట ‘సిద్ధం’ అనే మంగళవాచకం. తరువాత రాజు పేరు. తరువాత కాలం: పాలనలో 20వ సంవత్సరం, వర్షాకాలపు 8వ పక్షం, 10వ రోజు. తరువాత దానం చేసిన సిద్ధార్థుడనే పనివాని పేరు, అతని తండ్రి పేరు, ఊరు. తరువాత దానం: మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు. చివర ఫలం: సర్వప్రాణుల హితం, సుఖం కోసం.

చూశారా? ఎక్కడ ఏ భాగం మొదలయిందో చెప్పడానికి ఖాళీ స్థలం వాడలేదు. ‘సిద్ధం’ అన్న మాట వినబడగానే శాసనం మొదలయిందని తెలుస్తుంది. భాగాల వరుస అందరికీ తెలిసినదే కనుక చదివేవాడు తడబడడు. మన తాతల కాలపు ఉత్తరాలలో ‘ఉభయకుశలోపరి’ అన్న మాట చేసిన పని కూడా ఇదే. ఆ మాట రాగానే కుశలప్రశ్నలు అయిపోయాయి, అసలు సంగతి మొదలవుతున్నది అని అర్థం. అది ఒక మాటే గాని, నిజానికి ఒక గుర్తు.

తాటాకు మీద క., వ.

తాటాకు పుస్తకాలలో కూడా పేరాకూ పేరాకూ మధ్య ఖాళీ విడిచే అలవాటు సాధారణంగా లేదు. ఆకు ఈ చివర నుంచి ఆ చివర వరకు గంటంతో వరుసగా గీసుకుపోవడమే. పద్యాన్ని పాదానికొక వరుసగా రాసే ఆచారమూ లేదు. అలాంటప్పుడు నన్నయ భారతం వంటి చంపూకావ్యాన్ని, అంటే పద్యమూ వచనమూ కలిసి నడిచే గ్రంథాన్ని, ఎలా చదివేవారు?

మీ తెలుగు వాచకంలో పద్యాల ముందు చూడండి. క. అని ఉంటే కందం. తే. అంటే తేటగీతి. సీ. అంటే సీసం. ఉ. అంటే ఉత్పలమాల. వ. అంటే వచనం. పరీక్షకు పద్యం కంఠస్థం చేసేటప్పుడు ఈ ఒంటి అక్షరాలను మనం పట్టించుకోము. కాని అవి ఎంత పని చేస్తున్నాయో ఆలోచించండి.

క. అన్న అక్షరం ‘దీన్ని లావు అక్షరాలలో అచ్చు వేయి’ అని చెప్పడం లేదు. ‘దీన్ని రెండంగుళాలు లోపలికి జరుపు’ అనీ చెప్పడం లేదు. ‘ఇది కందం’ అని మాత్రమే చెబుతున్నది. ఆ ఒక్క సంగతి తెలిస్తే మిగిలినవన్నీ మనమే తెలుసుకోవచ్చు. కందానికి నాలుగు పాదాలు. మొదటి, మూడవ పాదాలలో మూడేసి గణాలు. రెండవ, నాలుగవ పాదాలలో ఐదేసి గణాలు. ఒక్కో గణానికి నాలుగు మాత్రలు. మొత్తం పదహారు గణాలు, 64 మాత్రలు. పాదాలన్నీ కలిపి ఒకే వరుసగా రాసినా లెక్కపెట్టి విడదీయవచ్చు. ఈ లెక్క కంప్యూటర్‌కు కూడా నేర్పారు. ‘ఛందం’ అనే తెలుగు సాఫ్ట్‌వేర్ పద్యాన్ని పరిశీలించి అది ఏ వృత్తమో, ఏ జాతో చెప్పగలదు.

సీసం ఇంకా తమాషా అయినది. సీసం నాలుగు పాదాల తరువాత తేటగీతి గాని ఆటవెలది గాని రావలసిందే. అది లేనిదే సీసం పూర్తికాదు. అంటే సీసపద్యమనే పెద్ద అంగంలో గీతి అనే చిన్న అంగం ఇమిడి ఉంది. ఏ అంగం లోపల ఏ అంగం ఉండాలి, ఏ వరుసలో ఉండాలి అనే నియమాన్ని మన లాక్షణికులు ఏనాడో రాసిపెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి. కంప్యూటర్ దగ్గరకు వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

అయితే వచనానికి ఈ సదుపాయం లేదు. వచనంలో గణాలు లేవు, ప్రాస లేదు. పేరా ఎక్కడ తెగిందో లెక్కపెట్టి చెప్పే ఉపాయం లేదు. ఒకసారి గుర్తు పోయిందంటే పోయినట్లే. అందుచేత పద్యం కంటే పేరాయే సున్నితమైనది అన్నమాట.

అచ్చాఫీసులో

సీసపు అక్షరాలను చేత్తో పేర్చి అచ్చువేసే రోజులలో రచయిత పంపిన కాగితం నేరుగా కంపోజిటర్ దగ్గరకు వెళ్లేది కాదు. ముందు సంపాదకుడు దాని అంచుల మీద గుర్తులు పెట్టేవాడు. ‘ఇది శీర్షిక, వరుస మధ్యకు రావాలి’, ‘దీనికి 18 పాయింట్ల అక్షరాలు’, ‘ఇక్కడ కొత్త పేరా’ అని సూచనలు ఉండేవి. కొత్త పేరాకు తిరగేసిన ఇంగ్లీషు ‘పి’ లాంటి గుర్తు ఒకటుంది. ఇలా రాతప్రతి మీద గుర్తులు పెట్టడాన్నే మార్కప్ అన్నారు. ఆ మాటే తరువాత కంప్యూటర్ రంగానికి వచ్చింది.

ఆ సూచనలలో రెండు రకాలు కలిసి ఉన్నాయి, గమనించారా? ‘ఇది శీర్షిక’ అనడం ఒకటి. ‘18 పాయింట్ల అక్షరాలు’ అనడం ఇంకొకటి. మొదటిది వస్తువు పేరు చెబుతుంది. రెండవది దాని రూపం చెబుతుంది. ఈ తేడాయే మన కథకు ఆయువుపట్టు.

కంప్యూటర్‌కు తెలిసిందెంత?

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో ‘క’ సంఖ్య 3093. మాటల మధ్య ఖాళీ సంఖ్య 32. కొత్త వరుసకు సంఖ్య 10. టైపు మిషను మీద వరుస అయిపోగానే కాగితాన్ని పైకి జరిపినట్లే, 10 రాగానే కంప్యూటర్ కింది వరుసకు దిగుతుంది. పేరాకూ పేరాకూ మధ్య పెట్టడానికి యూనికోడ్ 8233 అనే సంఖ్యను కేటాయించింది. కాని మీరు ఎంటర్ మీట కొట్టినప్పుడు సాధారణంగా అది రాదు. దాని వాడకం చాలా తక్కువ.

అంటే ఉత్త అక్షరాల వరుసలో పేరా అనేది లేదు. వరుస తెగడం ఉంది, అంతే. మరి పద్యపాదం చివర తెగినదీ, పేరా చివర తెగినదీ, కాగితం అంచు వచ్చి తెగినదీ ఒకటేనా? కంప్యూటర్‌కు మూడూ 10 గానే కనబడతాయి!

రూపం చెప్పాలా, పేరు చెప్పాలా?

తొలి రోజులలో కంప్యూటర్‌కు రూపమే చెప్పేవారు. ‘ఒక వరుస వదులు, ఐదు ఖాళీలు జరుపు, లావు అక్షరాలు మొదలుపెట్టు’ అని ఆజ్ఞలు. అచ్చు యంత్రం మారితే ఆజ్ఞలన్నీ మళ్లీ రాయవలసి వచ్చేది.

1967లో విలియం టన్నిక్లిఫ్ అనే అమెరికన్ కెనడా ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రసంగిస్తూ, పత్రంలోని సమాచారాన్ని దాని రూపం నుంచి వేరు చేయాలని ప్రతిపాదించాడు. 1969లో ఐబిఎమ్ సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు ఆ దారిలోనే ఒక పద్ధతి తయారుచేశారు. దాని పేరు జి.ఎమ్.ఎల్. ఆ మూడక్షరాలూ వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే! దాన్ని పెంచి ఎస్.జి.ఎమ్.ఎల్. అనే అంతర్జాతీయ ప్రమాణంగా 1986లో వెలువరించారు. 1998లో దాన్ని సులభం చేసి ఎక్స్.ఎమ్.ఎల్. అన్నారు.

వీటిలో రూపం గురించి ఏమీ చెప్పరు. ప్రతి అంగానికీ పేరు పెడతారు, అంతే. ఇదిగో ఒక ఉదాహరణ:

<పాఠం>
<శీర్షిక>మన చెరువు</శీర్షిక>
<పేరా>వానలు పడగానే చెరువు నిండుతుంది. నీటితోపాటు ఒండ్రు కూడా వచ్చి చేరుతుంది.</పేరా>
<పేరా>ఎండాకాలంలో రైతులు ఆ ఒండ్రును తీసి పొలాలకు తోలుకుంటారు.</పేరా>
</పాఠం>

కోణపు గుర్తుల మధ్య ఉన్న పేరును ట్యాగు అంటారు. ఏటవాలు గీత లేనిది ప్రారంభం, ఉన్నది ముగింపు. ఇది మీకోసం తెలుగు చేసిన బొమ్మ కాదు సుమా! ఎక్స్.ఎమ్.ఎల్. నియమాల ప్రకారం ట్యాగుల పేర్లు తెలుగు అక్షరాలలోనే రాయవచ్చు. పైన రాసినది కంప్యూటర్ నిజంగా ఒప్పుకునే పత్రమే.

శీర్షిక ఎంత పెద్దదిగా, ఏ రంగులో ఉండాలన్నది వేరే చోట ఒక్కసారి రాస్తారు. రేపు రూపం మార్చాలంటే అక్కడ మారిస్తే చాలు. ఏ అంగంలో ఏది ఉండవచ్చునో కూడా మరొక చోట నియమాలుగా రాస్తారు. ‘పాఠానికి శీర్షిక ఒకటే ఉండాలి, అది మొదటే రావాలి, ఆ తరువాత పేరాలు ఎన్నయినా ఉండవచ్చు’ అని. సీసం తరువాత గీతి రావాలన్న నియమం గుర్తుంది గదా? ఇదీ అటువంటిదే. నియమం తప్పితే కంప్యూటర్ పట్టుకుని చెబుతుంది.

గట్టా, నాలుగు హద్దులా?

మన మెట్ట పొలాలకు వెళ్లి చూడండి. రెండు చేల మధ్య గట్టు ఉంటుంది. గట్టు చూపించి ‘ఇటు మాది, అటు వాళ్లది’ అంటారు. కాని పొలం దస్తావేజులో అలా రాయరు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు హద్దులూ రాస్తారు. ఎందుకు? గట్టు రెండు చేలను విడదీస్తుంది. హద్దులయితే ఒక చేనును పూర్తిగా చుట్టి చూపిస్తాయి.

పేరాను గుర్తించడంలో కూడా ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. టిమ్ బెర్నర్స్-లీ 1990 ప్రాంతంలో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌కోసం హెచ్.టి.ఎమ్.ఎల్. తయారుచేసినప్పుడు, ‘పి’ అనే పేరా ట్యాగు గట్టు వంటిది. రెండు పేరాల మధ్య ఒకటి పెడితే సరిపోయేది. 1995లో వచ్చిన రెండవ రూపంలో అది నాలుగు హద్దుల వంటిదయింది. పేరా ముందొకటి, వెనకొకటి. అయితే పాత అలవాటును మన్నించి, వెనకటిది రాయకపోయినా ఒప్పుకుంటారు. తరువాతి పేరా మొదలయితే ముందుది దానంతటదే ముగిసినట్లు లెక్క.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణితజ్ఞుడు డొనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన ‘టెక్’ అనే పద్ధతిలో గట్టుకు ట్యాగు కూడా అక్కరలేదు. ఒక ఖాళీ వరుస వదిలితే చాలు. ఆ ఖాళీ వరుసకు అక్కడ చాలా విలువ ఉంది. వరుసలు ఎక్కడ తెగితే అందంగా ఉంటుందో ‘టెక్’ ఒక్కొక్క వరుసనే చూసి నిర్ణయించదు. పేరా మొత్తాన్ని ముందు పెట్టుకుని లెక్క కడుతుంది. చివరి వరుసలో ఒక మాట మారితే మొదటి వరుస తెగే చోటు కూడా మారవచ్చు! అందుచేత పేరా ఎక్కడ ముగిసిందో తెలిస్తేనే దానికి పని సాగుతుంది.

ఖాళీ వరుస మహిమ

తెలుగు వికీపీడియాలోనూ, పాత పుస్తకాలను అందరికీ ఉచితంగా అందించే తెలుగు వికీసోర్స్‌లోనూ ఖాళీ వరుస పద్ధతే ఉంది. అక్కడ ఎవరైనా రాయవచ్చు. రేపు మీరూ రాయవచ్చు. కనుక మూడు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది: ఎంటర్ ఒక్కసారి కొడితే కొత్త పేరా రాదు. రెండు వరుసలూ కలిసిపోతాయి. ఖాళీ వరుస వదిలితేనే కొత్త పేరా.

రెండవది: బడిలో పేరా మొదట కొంచెం జాగా విడిచి రాయమని మేమే నేర్పుతాం. ఆ అలవాటున వికీలో పేరా ముందు ఒక్క ఖాళీ విడిచారా, ఆ వరుస పెట్టెలో పడి, అక్షరాలు టైపు మిషను అక్షరాలలాగా మారిపోతాయి! అక్కడ వరుస మొదటి ఖాళీకి ‘దీన్ని ఉన్నదున్నట్లు చూపించు’ అని వేరే అర్థం ఉంది.

మూడవది: అంకెల జాబితా రాసేటప్పుడు అంశాల మధ్య ఖాళీ వరుస వదిలితే జాబితా తెగిపోతుంది. 1, 2, 3 అని రావలసినవి 1, 1, 1 అని వస్తాయి. కాగితం మీద ఏమీ కాని ఖాళీకి అక్కడ ఇంత శక్తి ఉంది.

‘అనే’ తెచ్చిన చిక్కు

ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది. కనుక జాబితాను వాక్యం చివర పెట్టడం వారికి తేలిక. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. ఈ వాక్యం చూడండి:

మా పెరట్లో ఈ ఏడు
• తోటకూర
• గోంగూర
• పాలకూర
అనే మూడు ఆకుకూరలు పెంచాం.

ఇది ఒకటే వాక్యం, ఒకటే పేరా. మధ్యలో జాబితా ఉంది. కాని హెచ్.టి.ఎమ్.ఎల్. నియమం ప్రకారం పేరా లోపల జాబితా ఉండకూడదు. జాబితా మొదలు కాగానే కంప్యూటర్ మారుమాట్లాడకుండా పేరాను మూసేస్తుంది. ‘మా పెరట్లో ఈ ఏడు’ ఒక పేరా అవుతుంది. ‘అనే మూడు ఆకుకూరలు పెంచాం’ ఏ పేరాకూ చెందక దిక్కులేనిదవుతుంది. చివర మనం పెట్టిన ముగింపు ట్యాగుకు జత దొరకక, లోపల ఏమీ లేని ఖాళీ పేరా ఒకటి పుట్టుకొస్తుంది!

పద్యాన్ని ఉదహరించినప్పుడూ ఇంతే. మనం ముందు పద్యం చెప్పి, తరువాత ‘అని కవి అన్నాడు’ అంటాం. ఆ ‘అని’ పద్యానికి ముందున్న వాక్యానికి చెందినది. పద్యం దగ్గర పేరాను తెంచితే వాక్యం నడుం విరుగుతుంది.

దీనికి దారి లేదా? ఉంది. ప్రపంచ సాహిత్యాలను కంప్యూటర్‌లో భద్రపరచడానికి పండితులు 1987లో మొదలుపెట్టిన టి.ఇ.ఐ. అనే పద్ధతిలో పేరా లోపల జాబితా, పద్యం ఉండవచ్చు. పద్యం లోపల పాదాలకు కూడా వేరే ట్యాగు ఉంది. హెచ్.టి.ఎమ్.ఎల్. లోనయితే ఈ మూడు ముక్కలనూ కలిపి చుట్టే పెద్ద పెట్టె ఒకటి వాడుకోమని దాని నియమావళే సలహా ఇస్తున్నది. ఏ పద్ధతీ అన్ని భాషల అలవాట్లనూ ముందే ఊహించి తయారుకాదు. తెలుగు తెలిసినవారు ఆ పనిలో ఉంటే తెలుగు అవసరాలు తెలుస్తాయి.

పేజీ ఒక మైలురాయి

పాత పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేవారికి ఇంకొక చిక్కు ఎదురవుతుంది. పేరా 46వ పేజీలో మొదలై 47లో ముగుస్తుంది. పేరాలో పేజీ ఉందా, పేజీలో పేరా ఉందా? రెండూ కాదు. ఒకదాని మీదుగా ఒకటి దాటి పోయాయి. ఒక రైతు చేను రెండు సర్వే నంబర్లలో ఉన్నట్లు!

ట్యాగులు ఒకదానిలో ఒకటి ఇమడాలి గాని ఇలా అడ్డంగా దాటకూడదు. అందుచేత టి.ఇ.ఐ. ఒక ఉపాయం చేసింది. పేజీని పెట్టెగా కాక రాయిగా లెక్కించింది. మన హైదరాబాదు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు చూస్తుంటారు గదా. రాయి రోడ్డును తనలో ఇముడ్చుకోదు, తెంచదు. ‘ఇక్కడికి ఇంత దూరం’ అని చెప్పి ఊరుకుంటుంది. అలాగే ‘ఇక్కడ 47వ పేజీ మొదలు’ అని ఒక ఒంటి గుర్తు పేరా మధ్యలో పాతుతారు. పేరా సాగిపోతుంది. ఇటువంటి గుర్తులను వారు మైలురాళ్లనే పిలుస్తారు!

వికీసోర్స్‌లో ఒక్కొక్క పేజీని విడివిడిగా సరిదిద్దుతారు. తరువాత పేజీలన్నీ కలిపితే, 46వ పేజీ చివరి మాటకూ 47వ పేజీ మొదటి మాటకూ మధ్య ఒక ఖాళీ చేరి పేరా కలిసిపోతుంది. బాగానే ఉంది. కాని పేరా సరిగ్గా పేజీ చివరనే ముగిస్తే? అప్పుడు కూడా కలిపేస్తుంది! దాన్ని ఆపడానికి 46వ పేజీ చివర ‘ఏమీ చేయకు’ అనే అర్థం గల చిన్న గుర్తు పెడతారు. ఏమీ చేయని ఆ గుర్తే పేరాను కాపాడుతుంది.

మన పాత అచ్చు పుస్తకాలతో మరొక ఇబ్బంది. వరుస చివర మాట తెగితే చాలా పుస్తకాలలో చిన్న గీత పెట్టలేదు. ‘పుస్త’ ఈ వరుసలో, ‘కము’ ఆ వరుసలో ఉంటాయి. యంత్రం వరుసలను కలిపినప్పుడు ‘పుస్త కము’ అవుతుంది. ఇక్కడ తెలుగు తెలిసిన మనిషి కన్ను కావలసిందే.

చెవితో చదివేవారికి

మొదట అడిగిన ప్రశ్న దగ్గరకు వద్దాం. చూపు లేనివారికోసం తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2006లో మొదలయిన ఎన్.వి.డి.ఏ. అటువంటిది, దానిని ఉచితంగా ఇస్తారు. ‘ఈ-స్పీక్’ అనే ఉచిత గొంతు సాయంతో అది తెలుగు కూడా చదువుతుంది.

వెబ్ పేజీలో ఉన్నప్పుడు ఇంగ్లీషు ‘హెచ్’ మీట నొక్కితే అది తరువాతి శీర్షికకు వెళుతుంది. 2 నొక్కితే రెండవ స్థాయి శీర్షికకు వెళుతుంది. మీరు పేజీలు తిప్పుతూ శీర్షికలు చూసుకున్నట్లే అతడు చెవితో చూసుకుంటాడు. జాబితా రాగానే అందులో ఎన్ని అంశాలున్నాయో కూడా అది చెబుతుంది.

కాని ఒక షరతు. శీర్షికను శీర్షిక అని ట్యాగుతో చెప్పి ఉండాలి. ఉత్తగా లావు అక్షరాలు పెట్టి ఊరుకుంటే ‘హెచ్’ మీట ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం లేదు. రెండు వందల పేజీల పుస్తకంలో ఐదవ పాఠం కావాలంటే మొదటి నుంచి వినుకుంటూ రావలసిందే. పరీక్ష ముందు రోజు అతని పరిస్థితి ఊహించండి. కళ్లున్న మనం ఒక్క క్షణంలో చేసే పనికి అతనికి గంటలు పడుతుంది. ఆ గంటలను తీసుకున్నది అతని చూపు లేకపోవడం కాదు, పుస్తకం తయారుచేసినవారు పెట్టని గుర్తు.

చాలా తెలుగు పుస్తకాలు కంప్యూటర్లలో ఇంకా ఇదే స్థితిలో ఉన్నాయి. పి.డి.ఎఫ్. అనే పత్రంలో ప్రధానంగా ఉండేది ఏ అక్షరం కాగితం మీద ఎక్కడ పడాలన్న వివరమే. 2001 నుంచి అందులో కూడా అంగాల పేర్లు చేర్చే ఏర్పాటుంది. చేర్చితే ఉంటాయి, చేర్చకపోతే లేవు. యూనికోడ్‌కు ముందు డి.టి.పి. కేంద్రాలలో వాడిన ఫాంట్లలోని అక్షరాలను ఈనాటి అక్షరాలుగా మార్చే సాధనాలు వచ్చాయి. అక్షరాలు మారతాయి. కాని ఎంటర్లతోను, ఖాళీలతోను కంటికి కనబడేలా మాత్రమే అమర్చిన పేరాలు, శీర్షికలు, పట్టికలు ఎలా మారతాయి? వాటి పేర్లు అందులో ఎన్నడూ రాయలేదాయె!

మీరే చేసి చూడండి

1. వాచకంలోని ఒక వచన పాఠం నుంచి రెండు పేజీలు తీసుకోండి. పేరాలు, శీర్షికలు లేకుండా అంతా ఒకే వరుసగా తెల్లకాగితం మీద రాయండి. ఆ పాఠం చదవని స్నేహితుడికి ఇచ్చి పేరాలు ఎక్కడ తెగుతాయో గీతలు పెట్టమనండి. పుస్తకంతో పోల్చండి. ఎన్ని కలిశాయి? ఇదే పరీక్ష ఒక కందపద్యంతో చేయండి. ఏది తేలికగా దొరికింది? ఎందుకు?

2. మీ బడిలో కంప్యూటర్ ఉంటే ఒక పేరాను ప్రతి వరుస చివర ఎంటర్ కొడుతూ టైపు చేయండి. మరొక పేరాను చివర మాత్రమే ఎంటర్ కొట్టి టైపు చేయండి. ఇప్పుడు అక్షరాల సైజు పెంచండి. ఏ పేరా చెదిరిపోయింది?

3. అదే పత్రంలో ఒక శీర్షికను లావు అక్షరాలతో చేయండి. ఇంకొక దానికి ‘హెడింగ్ 1’ అనే శైలి ఇవ్వండి. చూడటానికి రెండూ ఒకేలా ఉండేట్లు దిద్దండి. తరువాత విషయసూచికను దానంతటదే తయారుచేయమని కంప్యూటర్‌ను అడగండి. సూచికలో ఏది వచ్చింది? ఏది రాలేదు?

మూడవ ప్రయోగంలో సూచికలోకి రాని ఆ శీర్షికే, చెవితో చదివే విద్యార్థికి దొరకని శీర్షిక. ఈసారి మీ బడి పత్రికనో, ప్రాజెక్టు నివేదికనో కంప్యూటర్ మీద తయారుచేసేటప్పుడు ఈ సంగతి మీ తోటివారికి కూడా చెప్పండి.